ఫైర్‌వాల్ అక్క

పోయిన వారం ఒక కొత్త సర్వర్‌లో ఫైర్‌వాల్, అంటే దానికి కాపలా కాసే ప్రోగ్రాం, పెడుతున్నాను. ప్యాకేజీ దిగింది, నియమాలు రాశాను, ఇక దాన్ని మేల్కొలిపే కమాండ్ ఒక్కటే మిగిలింది. అది కొట్టగానే తెర మీద ఎప్పుడూ వచ్చే ప్రశ్నే వచ్చింది: ఈ పని చేస్తే నీ కనెక్షన్ తెగిపోవచ్చు, చేయమంటావా, వద్దా?

నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాను. పక్క బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి తలుపు వైపు చూసి, "ఎవరైనా వచ్చారా సార్?" అని తనూ సగం లేచింది. ఎవరూ రాలేదమ్మా, కూర్చో అన్నాను. ఆ ప్రశ్నకు జవాబు నిలబడే నొక్కాలని నాకు ఒకామె నేర్పింది. నేర్పి చాలా ఏళ్ళయింది. కాళ్ళు మరిచిపోలేదు.

ఆ సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి, "మీ గురించి రాయాలని ఉందక్కా" అన్నాను.

"రాసుకో. పేరు మాత్రం పెట్టబాక. అక్కర్లేని వాకిలి తెరవకూడదని ఎన్నిసార్లు చెప్పినా నీకు?" అంది, పెద్దగా నవ్వుతూ.

అందుకని పేరు లేదు. ఆమె హాయిగా ఉంది. పోయినవాళ్ళ గురించి మాత్రమే ఇలాంటివి రాయాలని రూలు ఎక్కడా లేదు కనుక రాస్తున్నాను.

అరవనాట, మాధవరంలో ఒక చిన్న ప్రైవేటు పాల కంపెనీలో నాకు ఉద్యోగం. నగరంలో కొట్లవాళ్ళు మధ్యాహ్నం నుంచి ఫోన్లలో రేపటికి ఎన్ని పాకెట్లు కావాలో పంపిస్తారు. వాటన్నిటినీ కూడి, క్రేట్లుగా మార్చి, ఏ బండిలో ఎన్ని ఎక్కాలో తేల్చడం నా పని. కూడికలు ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. వేళ్ళ మీద మొదలైన లెక్క కాలిక్యులేటర్‌కి, అక్కణ్ణించి కంప్యూటర్‌కి, చివరికి ఆ ఆర్డర్లన్నీ వచ్చి పడే సర్వర్ దగ్గరికి నన్ను తెచ్చింది. దాని బాగోగులు చూడ్డం కూడా నా నెత్తినే పడింది. దాని లోపల ఏముందో మాత్రం నాకు అప్పట్లో తెలియదు.

ఆమె అంబత్తూరులో ఒక చిన్న సర్వీసు కంపెనీ నుంచి వచ్చేది. పొట్టి మనిషి. వీపున వేలాడే సంచి ఆమె కంటే పెద్దదిగా కనిపించేది. కళ్ళజోడు జుట్టులోకి ఎగదోసుకుని, దాని కోసం బల్ల మీద వెతికేది. పుట్టిందీ పెరిగిందీ వాషర్‌మెన్‌పేట్‌లో. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆమె తెలుగు ఆ నెల్లూరు నుంచి బయల్దేరి, దారి పొడుగునా అరవాన్ని ఎక్కించుకుంటూ వచ్చిన బస్సులా ఉండేది.

మొదటి రోజు నేను "రండి మేడమ్" అన్నాను.

"మేడమా? యాడ?" అని వెనక్కి తిరిగి చూసింది. "నాకేం కనపళ్ళా. అక్కా అనప్పా, సరిపోతాది."

ఆమె నన్ను లెక్కలయ్యా అని పిలిచేది. మరీ ప్రేమ పుడితే తమ్ముడూ అనేది.

ఫైర్‌వాల్ పెట్టడానికి వచ్చిన మనిషి సర్వర్ ముందు కూర్చుంటుందనుకున్నాను. ఆమె సంచి నా బల్ల మీద పడేసి ఊరేగింపు మొదలుపెట్టింది. ఆఫీసులో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, "నువ్వు యాడ్నించి లోపలికి వస్తావ్? దేనికి వస్తావ్?" అని అడిగింది. అకౌంట్స్ చూసే ఆయన ఇంటి నుంచి కూడా చూసుకుంటానన్నాడు. యజమాని తన ఫోన్‌లో రోజూ అమ్మకం చూడాలన్నాడు. తూకం మిషన్ని కూడా వదల్లేదు. దాని తీగ పట్టుకుని గోడ దాకా పోయి, "ఇది ఎవురితో మాట్లాడతాది?" అని నన్ను అడిగింది. టీ తెచ్చే పెద్దమ్మను సైతం అడిగింది. ఆమె "నేను వెనక గుమ్మంలోంచి వస్తానమ్మా" అని నిజాయితీగా చెప్పింది.

"చూసినావా లెక్కలయ్యా, ఈమెకి తెలుసు తన వాకిలి ఏదో. మీ ఓనర్‌కి తెలీదు."

అప్పుడు గానీ సర్వర్ ముందు కూర్చోలేదు. నాకు చెప్పిన పాఠం ఇంతే. సర్వర్‌కి వేల కొద్దీ వాకిళ్ళు ఉంటాయి, ఒక్కోదానికి ఒక నంబరు. ముందు అన్నీ మూయాలి. తర్వాత కావలసినవాళ్ళను పేరు పెట్టి పిలిచి, వాళ్ళ వాకిలి ఒక్కటే తెరవాలి. నంబర్లు అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. వారం తిరక్కుండా ఏ నంబరు ఏ పనికో అప్పజెప్పడం నేర్చుకుని, ఆమె వచ్చినప్పుడు గడగడా చెప్పాను. ఆమె చెవి గోక్కుంటూ పూర్తిగా వింది.

"బాగుంది. మా వీధిలో ఇంటి నంబర్లన్నీ పోస్ట్‌మాన్‌కి కూడా తెలుసు. ఏ ఇంట్లో కుక్క ఉండాదో కూడా తెలిసినోడే మంచి పోస్ట్‌మాన్."

ఆమె మాటల్లో మందలింపు ఎక్కడ అయిపోయి నవ్వు ఎక్కడ మొదలైందో నాకు ఎప్పుడూ అంతు పట్టలేదు.

కమాండ్ నొక్కే ముందు లేచి నిలబడేది. ఎందుకక్కా అంటే, "కూచుంటే చేతికి తొందరెక్కువ. నిలబడితే ఒళ్ళంతా ఒకసారి ఆలోచిస్తాది" అనేది. అంతకంటే ముందు ఇంకో పని చేసేది. ఐదు నిమిషాలు గడిచాక ఫైర్‌వాల్ దానంతట అదే ఆగిపోయేలా సర్వర్‌కి ఒక మాట చెప్పి ఉంచేది. పొరపాటున తన వాకిలి కూడా తనే మూసేసుకుంటే, ఐదు నిమిషాలు ఆగితే చాలు, మళ్ళీ తెరుచుకుంటుంది. అంతా సవ్యంగా ఉంటే ఆ మాట రద్దు చేసేది. ఆ కాసేపూ చేతులు కట్టుకుని, కిటికీలోంచి బయటి లారీలను చూస్తూ ఏదో కూనిరాగం తీసేది. తను పెట్టిన నియమం పనిచేసిందని తేలగానే రెండు వేళ్ళతో అరచేతిలో టప్‌మని ఒక చరుపు. ఒక్కటే.

ఒకసారి పెద్ద తిప్పలు వచ్చాయి. ఆర్డర్లు కాసేపు వస్తాయి, కాసేపు ఆగిపోతాయి. సర్వర్ ఆపి మళ్ళీ వేస్తే ఒకసారి బాగుంటుంది, ఒకసారి ఉండదు. నేను ఎంత లెక్క కట్టినా దానిలో ఒక వరస కనపడలేదు. ఆమె వచ్చి చూసి, "ఇంకో ఫైర్‌వాల్ ఎవురు పెట్టినారు ఈడ?" అంది.

యజమాని బావమరిది పెట్టాడు. వీడియో చూసి, మంచిదని, పాతది అలాగే ఉంచి దాని పక్కన కొత్త ప్యాకేజీ ఎక్కించాడు. అది విని నేను, "రెండుంటే భద్రత రెట్టింపే కదక్కా" అన్నాను. ఒకటీ ఒకటీ రెండు అన్నది నా జీవితంలో అప్పటివరకూ నన్ను మోసం చేయలేదు.

ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తీసుకుపోయింది. మా గేటు దగ్గర ఇద్దరు వాచ్‌మెన్‌లు. ఒకతను ఏజెన్సీ మనిషి, ఇంకొకాయన యజమాని సొంత ఊరి నుంచి తెచ్చుకున్న ముసలాయన. సరిగ్గా అప్పుడే పాల ట్యాంకర్ ఒకటి వచ్చి హారన్ కొట్టింది. ఏజెన్సీ అతను అడ్డకర్ర పైకెత్తాడు. ముసలాయన "ఆగు, చీటీ యాడ?" అని దాన్ని కిందికి లాగాడు. ఇతను మళ్ళీ ఎత్తాడు. ఆయన మళ్ళీ దించాడు. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి ఇద్దర్నీ కలిపి ఒకే తిట్టు తిట్టాడు.

ఆమెకి నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. "అదో, ఆ ట్యాంకరే నీ ఆర్డరు. ఎవురు ఆఖర్న చెయ్యి వేస్తే వాళ్ళదే మాట."

లోపలికి వచ్చాక యజమాని, "రెండిట్లో ఏది మంచిదమ్మా?" అన్నాడు.

"రెండూ మంచివే సార్. రెండూ ఒకే గేటు కాడ నిలబడటమే తప్పు."

బావమరిది పెట్టినదాన్ని తీసెయ్యమని నాకే ఇచ్చింది. నేను ఒక్క దెబ్బకు తుడిచేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు ఆపు. ఆపినాక అది పెట్టిన నియమాలు ఏమన్నా మిగిలినాయా చూడు. ఆ మీద తీసెయ్. పని మానిపించినోడు ఇంటికి పోకుండా గేటు కాడే నిలబడి ఉంటే ఎట్టా?" చూస్తే నిజంగానే కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా సాగనంపి, ఆ తర్వాతే ప్యాకేజీ తీశాం.

మర్నాడు యజమాని వాచ్‌మెన్‌లు ఇద్దరికీ షిఫ్టులు వేశాడు, పగలు ఒకరు, రాత్రి ఒకరు. ఆమె చెప్పింది సర్వర్ గురించి, ఆయనకు అర్థమైంది గేటు గురించి. పాలు మాత్రం అప్పట్నుంచి వేళకి వెళ్తున్నాయి.

ఇప్పుడు కోల్డ్ రూమ్ మెకానిక్ గురించి చెప్పాలి. చల్లగా ఉంటుందని మా సర్వర్ని కోల్డ్ రూమ్ పక్కనున్న చిన్న గదిలో పెట్టారు. దాంట్లోకి కోల్డ్ రూమ్ నడవాలోంచే పోవాలి. ఆ నడవా మెకానిక్‌గారి రాజ్యం. ఆయన అరవాయన, భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నిమిషానికోసారి థర్మామీటర్ చూసుకుని మొహం చిట్లించే మనిషి. ఆమె సంచీ, లాప్‌టాప్, టీ గ్లాసు పట్టుకుని రావడం వల్ల వెనక తలుపు మూసేది కాదు.

"ఏమ్మా, ఊరందరి తలుపులూ మూస్తావ్, నా తలుపు మాత్రం మూయవా?"

"నాకు రెండు చేతులే ఉండాయి. నీ చేతులు సుమ్మానే ఖాళీగా గదా ఉండాయి, మూసుకో."

"కరెంటు బిల్లు మీ అప్పన్ కడతాడా?"

"మా అప్పన్ పోయి ఇరవై ఏళ్ళయింది. పైకి బిల్లు పంపిస్తే కట్టినా కడతాడు."

ఇది వాళ్ళ సంభాషణ. ప్రతిసారీ ఇదే, మాటలు కొంచెం అటూ ఇటూ. కొన్నాళ్ళకు ఆయన ఆమె వచ్చే రోజు తలుపు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాడు. మూయడానికి అనేవాడు. తర్వాత ఆమె ఆయన కోసం ప్యారిస్ బజారు వైపు నుంచి అత్తో అనే బర్మా నూడుల్స్ పొట్లం కట్టించుకు రావడం మొదలుపెట్టింది. మిగిలిపోయిందని అనేది. ఆ నూడుల్స్ మా మాధవరం చేరేసరికి ఉండలు కట్టేవి. ఆయన కోల్డ్ రూమ్ బయట స్టూల్ మీద కూర్చుని, ఒక్క పోగు మిగల్చకుండా తినేవాడు. యాభైకి దగ్గర పడిన మనుషులు, ఎవరికీ ఏమీ తెలియదని వాళ్ళిద్దరే అనుకున్నారు.

రిజిస్టర్ పెళ్ళి అనుకున్నారు. మొదటిసారి తేదీ వచ్చిన రోజున అంబత్తూరులో ఎవరిదో సర్వర్ పడిపోయి ఆమె పోలేకపోయింది. రెండోసారి కూడా అలాగే, ఇంకో ఫ్యాక్టరీ. ఆయన రెండుసార్లూ ఇస్త్రీ పంచె మడిచి లోపల పెట్టుకున్నాడు. రెండోసారి నాతో అన్నాడు: "తమ్ముడూ, మూడోసారి కూడా ఇట్లానే అయితే నేను ఆ కంప్రెసర్‌నే కట్టుకుంటాను. అది చెప్పిన టైముకి ఆన్ అవుతుంది." నవ్వుతూనే అన్నాడు కానీ నా కళ్ళలోకి చూడలేదు. ఆమెతో ఆ మాట చెప్పాను. ఆమె చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

మూడో తేదీ రోజునే మా కొత్త సర్వర్ మొదలు కావాలి. ముందురోజే అంతా ఎక్కించింది. ఫైర్‌వాల్ ఒక్కటే మిగిలింది. "ఐదు నిమిషాల పని, రిజిస్ట్రార్ ఆఫీసులో కూచొని చేసేస్తా" అంది. నేను సాక్షుల్లో ఒకణ్ణి. సాక్షులు ముగ్గురు ఉండాలన్నారు, సరిగ్గా ముగ్గురమే ఉన్నాం. ఆమె స్నేహితురాలు, ఆయన తమ్ముడు, నేను.

రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో, పట్టుచీరలో, తల నిండా మల్లెపూలతో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఆమె పని మొదలుపెట్టింది. సర్వర్‌ని సరిచేసేవాళ్ళు మా ఆఫీసు నుంచి మాత్రమే లోపలికి వచ్చేలా ఒక నియమం. ఆ తర్వాత కొట్లవాళ్ళ వాకిలి తెరవాలి. ఆ ఐదు నిమిషాల మాట కూడా దాంతో పాటే రాసుకుంది. అంతలో మెకానిక్‌గారు ఆటో దిగాడు. జరీ పంచె, నూనె మరక ఒక్కటి కూడా లేని చొక్కా, నుదుటిన గంధం. మొహం చిట్లించని ఆయన్ని మేం అదే మొదటిసారి చూడటం. ఆమె లేచి నిలబడింది, ఎప్పటిలాగే. నొక్కింది. కానీ తెర వైపు చూడలేదు.

తర్వాత చూసుకుంటే తెర బిగుసుకుపోయి ఉంది.

"అయ్యయ్యో" అంది. "ఆఫీసు నుంచే రావాలని రాసినా. నేను యాడుండా? ఈడుండా!" అని తన నెత్తి మీద తనే కొట్టుకుని నవ్వింది. "పర్లా, ఐదు నిమిషాల్లో అదే తెరుచుకుంటాది."

టీ తాగాం. తెరుచుకోలేదు. ఇంకో టీ తాగాం. నా ఫోన్‌లో ఆర్డర్లు మొదలయ్యే వేళయింది. రోజూ ఒక్కో ఆర్డర్‌కి ఒక్కసారి గణమని మోగే ఫోన్ గుడ్లప్పగించి ఊరుకుంది. అప్పుడు ఆమెకి వెలిగింది. ఆ ఐదు నిమిషాల మాట వినే ప్యాకేజీ పాత సర్వర్‌లో ఎప్పుడో తనే పెట్టింది. కొత్తదాంట్లో పెట్టలేదు. అది లేదని సర్వర్ తెర మీద చెప్పే ఉంటుంది. ఆ క్షణంలో ఆమె చదువుతున్నది తెర కాదు.

కొట్లవాళ్ళ వాకిలి మూసే ఉంది. ఆర్డర్లు రాకపోతే రేపు బండ్లు ఖాళీ. ఆఫీసు నుంచి ఎవరైనా తెరుద్దామంటే, లోపలికి పోయే తాళంచెవి లాంటి ఫైలు ఈ లాప్‌టాప్‌లోనే ఉంది.

"నేను తీసుకుపోతానక్కా, మీరు సంతకాలు పెట్టండి" అన్నాను.

"నువ్వు పోతే సాక్షులు ఇద్దరే" అంది ఆమె స్నేహితురాలు.

లోపల్నుంచి గుమాస్తా వాళ్ళ పేర్లు పిలిచాడు. ఆమె మెకానిక్‌గారి వైపు చూసింది. ఆమె మొహంలో నవ్వు లేకపోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. "మూడోసారి" అంది మెల్లగా. "పాలు కూడా ఆగకూడదు గదా. నువ్వేం చెప్తే అదే."

ఆయన పంచె ఎగ్గట్టుకున్నాడు. తర్వాత లోపలికి పోయి అధికారితో ఏదో మాట్లాడి వచ్చాడు. "నాలుగు గంటల లోపల వస్తే సంతకాలు పెట్టుకోవచ్చంట. దాటితే ఇంకో తేదీ. రా, ఆటో ఎక్కు. నేనూ వస్తాను. నువ్వు ఒక్కదానివే పోతే ఆ రూమ్‌లోంచి బయటకి రావు."

అందరం రెండు ఆటోల్లో బయల్దేరాం. మూలక్కడై కూడలి దగ్గర బండ్లన్నీ ఇరుక్కుని ఉన్నాయి. డ్రైవర్ మా చేతుల్లో పెళ్ళి దండలు చూసి, "పెళ్ళయిపోయిందా?" అని అడిగాడు. "ముందు సర్వర్‌కి" అన్నాడు మెకానిక్‌గారు. డ్రైవర్‌కి ఏమర్థమైందో, హారన్ మీద చెయ్యి తియ్యకుండా తోలాడు.

ఆఫీసులో ఆమె నా బల్ల దగ్గర నిలబడే లాప్‌టాప్ తెరిచింది. లోపలికి పోయింది. మెకానిక్‌గారు పక్కన నిలబడి, "తెర చూడు, నన్ను చూడొద్దు" అన్నాడు. ఆఫీసంతా ఘొల్లుమంది. ఆమె చెవుల దాకా ఎర్రబడి, తెర మీద వచ్చిన ప్రతి మాటా పైకి చదువుతూ, కొట్లవాళ్ళ వాకిలి తెరిచింది. ఆ టైమర్ ప్యాకేజీ కూడా ఎక్కించింది. ఎక్కిందా లేదా అని రెండుసార్లు అడిగి చూసుకుంది. ఇక ఆర్డర్లు వచ్చేదాకా ఆగుదాం అనబోతుంటే ఆయన లాప్‌టాప్ మూత దించేశాడు. "వస్తే వాళ్ళే వస్తారు. పద."

మేం తిరిగి వచ్చేసరికి గుమాస్తా ఫైళ్ళు కడుతున్నాడు. అధికారి గోడ గడియారం చూసి, ఆమె చెమట పట్టిన నుదురు చూసి, "ఇంత అర్జంటు పని ఏమమ్మా, మీ పెళ్ళి రోజున?" అన్నాడు. ఆమె మెకానిక్‌గారి వైపు చూసింది. "రేపటి పాలు సార్" అన్నాడాయన.

ఆయన సంతకం పెట్టాడు. ఆమె పెన్ను తీసుకుని, అలవాటు కొద్దీ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. సరిగ్గా అప్పుడు నా జేబులో ఫోన్ గణమంది. ఆ వెంటనే ఇంకోటి. తర్వాత ఇక ఆగలేదు. మధ్యాహ్నం నుంచి ఆగిపోయిన కొట్లన్నీ, వాకిలి తెరుచుకుందని తెలిసి, ఒక్కసారిగా లోపలికి తోసుకొస్తున్నాయి. నేను కంగారుగా జేబు తడుముకుంటుంటే అధికారి చిరాకు పడి, "ఆ ఫోన్ ఆపండయ్యా, ఇది ఆఫీసు" అన్నాడు.

"ఆపబాక తమ్ముడూ" అంది ఆమె, పెన్ను కాగితం మీద పెడుతూ. "మోగనీ సార్. అందురూ వస్తా ఉండారు, మా పెళ్ళికి."